ఎల్వుడ్ గారి ఏడు సీసాలు

మా లోయలో ఎల్వుడ్ క్రాట్జర్ గారి లెక్క ప్రకారం ఇంతవరకూ ఏ మనిషీ గురి తప్పలేదు. తప్పిందల్లా మందే.

జింక ఇరవై అడుగుల్లో నిలబడి తీరిగ్గా నెమరు వేస్తూ ఉండవచ్చు. పేల్చినవాడు దాన్ని వదిలేసి పక్కనున్న ఓక్ చెట్టుని కొట్టి ఉండవచ్చు. అయినా ఎల్వుడ్ గారు టోపీ నుదుటి మీంచి వెనక్కి తోసి, ముక్కు ఎగబీల్చి, గాలి వాసన చూసి, "నీ తప్పేం లేదబ్బాయ్, మందు నప్పలేదు" అని తీర్పు చెప్పేవారు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

మందంటే తుపాకిమందు. ఊరంతా ఆయన్ని మందు ఎల్వుడ్ అంటుంది గనక, కొత్తగా వచ్చినవాళ్లు తాగుబోతేమో అనుకుని ఓ అడుగు దూరంగా నిలబడేవారు. ఆయన డెబ్బై రెండేళ్ల జీవితంలో ముట్టిన అతి ఘాటైన పానీయం బర్చ్ చెట్టు బెరడు వాసన వేసే ఎర్రసోడా. అది కూడా గుక్కగుక్కకీ సీసా పైకెత్తి వెలుతురులో చూసుకుని మరీ తాగేవారు. సున్నపురాతి క్వారీలో ముప్పై నాలుగేళ్లు బండలకి మందు పెట్టి పేల్చిన మనిషి. ఆ పనిలో ఉండి పది వేళ్లతోనూ ఇంటికి చేరినవాళ్లు అక్కడ తక్కువ. అందుకని మందు గురించి ఆయన ఏమన్నా ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. నవ్వుకునే హక్కు మాత్రం అందరికీ ఉంది.

నవ్వుకోక ఏం చేస్తారు? చర్చి విందులో ఆయన మరదలు చేసిన కేకు పొంగక పలకలా ఉండిపోతే, ఆవిడ చెయ్యి బంగారం లాంటిదనీ, పొంగించే పొడే చెమ్మగిల్లిందనీ సాక్ష్యం చెప్పారు. కొత్త పాస్టరు ప్రసంగం మధ్యలో మాట మరిచిపోయి గుటకలు మింగుతూ నిలబడితే, మొదటి వరసలోంచి అందరికీ వినబడేలా, "గొట్టం మంచిదే, ఇవాళ మందు తక్కువ పడింది" అన్నారు. పాస్టరుకి ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వేశాడు. నవ్వగానే మరిచిపోయిన మాట గుర్తొచ్చింది.

క్రిస్మస్ మర్నాటి నుంచి మూడు వారాలు మా కొండల్లో చెకుముకి తుపాకుల వేట. మూతిలోంచి మందు పోసి, గుడ్డముక్కలో చుట్టిన సీసపు గుండు కడ్డీతో కూరి, రాయి రాపిడితో పేల్చే పాతకాలపు తుపాకి తప్ప ఇంకోటి పట్టకూడదు. ఆ మూడు వారాలూ ఎల్వుడ్ గారికి పట్టపగ్గాలుండేవి కావు. రేకు భోజనం డబ్బాలో ఏడు చిన్న సీసాలు సర్దుకుని గురి మైదానానికి వచ్చేవారు. ఏడు మూతలకి ఏడు రంగుల దారాలు. ఒకటి మంచు మందు, ఒకటి గాలి మందు, ఒకటి పొద్దుటి మందు. ముసురు మందు ఒకటి, ఎత్తుమీంచి కిందికి కొట్టే మందు ఒకటి, ఎడమచేతివాళ్ల మందు ఒకటి. ఏడోది ఆదివారం మందు. ఆ రోజుల్లో ఆదివారం వేట నిషేధం. మరి ఆ సీసా ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగితే గంటన్నర జవాబు వస్తుందని.

టెస్సా క్లింగర్ కూడా ఈ నవ్వుకునేవాళ్లలో ఒకతె. ఎల్వుడ్ గారి పెరటి కంచెకి అవతలి ఇల్లు వాళ్లది. ముప్పై ఆరేళ్ల మనిషి, స్కూలు వంటగదిలో మూడు వందల మందికి సూపు కాచే గట్టి మనిషి. ఆ నవంబరులో ఆమె భర్త లామార్ పాల ట్యాంకరు నిచ్చెన మీంచి జారి నడుము విరగ్గొట్టుకున్నాడు. మామూలు తుపాకుల వేట రోజులన్నీ సోఫాలో పడుకునే గడిచిపోయాయి. ఏటా రెండు జింకల మాంసంతో నిండే ఫ్రీజర్లో ఆ ఏడు పచ్చి బఠానీల సంచులూ మంచుముద్దలూ తప్ప ఏమీ లేవు. ఆడజింకని వేటాడేందుకు సర్కారు ఇచ్చే అనుమతి చీటీ మాత్రం ఇద్దరికీ ఉంది. సరే, చెకుముకి వేటకి తనే వెళతానంది టెస్సా.

అనేసింది గానీ ఆ తుపాకి అంటే ఆమెకి చెప్పలేని దడ. చిన్నప్పుడు తండ్రి వెంట మామూలు తుపాకి పట్టింది. ఇది వేరు. ఇందులో నిప్పు మనిషి కుడికన్నుకి బెత్తెడు దూరంలో పుడుతుంది. గొట్టం పక్కనున్న చిన్న గిన్నెలో చిటికెడు మందు భగ్గుమంటుంది. ఆ మంట సూదిరంధ్రం గుండా లోపలికి పాకి అసలు మందుని అంటుకుంటుంది. భగ్గుకీ ఢామ్ముకీ మధ్య రెప్పపాటు సందు. ఆ సందులో కళ్లు తెరిచి కదలకుండా ఉండాలి. ఆ సందు తలుచుకుంటేనే ఆమెకి అరచేతులు చెమర్చేవి.

క్రిస్మస్‌కి పది రోజుల ముందు, ఒక మధ్యాహ్నం, ఎవరూ చూడకుండా అలవాటు చేసుకుందామని పెరటి పొలంలోకి వెళ్లింది. నేలమాళిగ అరమీదున్న లామార్ మందు డబ్బా తీసుకుంది. తొంభై గ్రెయిన్లు పొయ్యి, నేనెప్పుడూ అంతే పోస్తానని సోఫాలోంచి చెప్పాడు లామార్. గ్రెయిన్ల గీతలున్న ఇత్తడి కొలగిన్నెతో కొలిచి పోసింది. గుండు కూరింది. గిన్నెలో, దానికని విడిగా ఉంచే బుడ్డిలోంచి చిటికెడు మందు వేసింది. చెంప ఆనించి, ఊపిరి బిగబట్టి, మీట నొక్కింది.

గిన్నెలో మందు భగ్గుమంది. అంతే. తుపాకి పేలలేదు.

ఆమె నిమిషం సేపు అలాగే గొట్టం కొండవైపు పట్టుకుని నిలబడింది. మళ్లీ గిన్నె నింపి నొక్కింది. మళ్లీ భగ్గు. మూడోసారీ అంతే. తన చేతకానితనమే అనుకుంది. గొట్టం మూతి మనుషుల వైపు తిరగకుండా పట్టుకుని, కంచె దాటి, ఎల్వుడ్ గారి పెరట్లోకి వెళ్లింది.

ఆయన కోళ్లకి గింజలు చల్లుతున్నారు. విషయం విని టోపీ వెనక్కి తోశారు. ముక్కు ఎగబీల్చారు. ఇక ఆ మాట వస్తుందని టెస్సా ఎదురుచూస్తోంది. డబ్బా చూపించమన్నారు. కోటు జేబులోంచి తీసి ఇచ్చింది. ఆయన మూత తిప్పి, అరచేతిలో చిటికెడు ఒంపుకుని, కళ్లద్దాలు సవరించుకుని చూశారు.

ఆయన మొహంలో రక్తం దిగిపోవడం టెస్సా తన కళ్లతో చూసింది.

"అమ్మాయ్," అన్నారు చాలా మెల్లగా, "తుపాకి ఆ కంచె మీద ఆనించు. మూతి కొండవైపు. ఆఁ, అలాగే. చెయ్యి తీసెయ్. ఇప్పుడు నా వెనక్కి రా. పరుగెత్తకు, నడిచి రా."

ఆమె వచ్చింది. ఆయన ఒక్కరే తుపాకి దగ్గరికి వెళ్లి, గిన్నె తుడిచి, చెకుముకిరాయి మరలు విప్పి జేబులో వేసుకున్నారు. తర్వాత ఇద్దరూ ఊటబావి రాతిగోడ వెనక కూచున్నారు. అరగంట. ఆ అరగంటలో గట్టిగా నాలుగు మాటలు మాట్లాడలేదు ఎల్వుడ్ గారు. ఆయన మాట్లాడకపోవడమే ఆమెని మరీ భయపెట్టింది. కోళ్లు గీరుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

అరగంట అయ్యాక ఆమెని గోడ వెనకే ఉండమని, తనే వెళ్లి, గొట్టంలో నీళ్లు పోసి, కడ్డీ చివర మర బిగించి గుండు బయటికి లాగారు. ఇనుము ఇనుముని గీసే చప్పుడు వినబడుతున్నంత సేపూ టెస్సా చెవులు మూసుకుని, తనకి గుర్తున్న ప్రార్థనలన్నీ సగం సగం చదివింది. చివరికి ఆయన పిలిచారు. గొట్టంలోది ఒక తెల్ల పింగాణీ పళ్లెంలో కుమ్మరించి ఉంది. నల్లగా లేదు. పలుకుల్లా లేదు. నువ్వుగింజలో సగమున్న చదును బిళ్లలు, బూడిదరంగువి.

"ఇది పొగరాని మందు," అన్నారు. "ఈ కాలం తూటాల్లో పోసేది. ఆ తుపాకి గొట్టం దీని దెబ్బకి ఆగదమ్మా. అరటితొక్కలా విచ్చుకుంటుంది."

ఎక్కడ విచ్చుకుంటుందో ఆమె అడగలేదు. చెంప ఎక్కడ ఆనించిందో ఆమెకి తెలుసు. ఆ మందు గిన్నెలోని చిన్న మంటకి తొందరగా అంటుకోదు, అందుకే మూడుసార్లూ బతికిపోయింది. నాలుగోసారి సంగతి దేవుడికి ఎరుక.

తర్వాత తేలింది. కిందటి శీతాకాలం లామార్ తమ్ముడు గ్లెన్ ఆ మాళిగలో కూచుని తూటాలు నింపుకున్నాడు. మిగిలిన మందు పారబోయడం ఎందుకని, ఖాళీగా కనబడిన అన్నగారి డబ్బాలో పోసి మూత పెట్టాడు. చెబుదామనుకుని మరిచిపోయాడు. ఎల్వుడ్ గారు లామార్‌తో ఏం మాట్లాడారో టెస్సా వినలేదు. మాట్లాడి వెళ్లాక మాత్రం లామార్ భార్య చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ పూట భోజనం ముట్టలేదు.

ఒక వింత ఆమెకి రెండు రోజులు పోయాక తట్టింది. ఊళ్లో ప్రతి తప్పూ మందు మీదే నెట్టే మనిషి, నిజంగా తప్పు మందుదే అయిన ఆ ఒక్కరోజు ఆ మాట అననే లేదు. రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయారు.

ఆ తర్వాత టెస్సా తుపాకి ఉన్న మూలకి వెళ్లడం మానేసింది. కెటిల్ బుస్సుమంటే వెనక్కి గెంతేది. స్కూలు వంటగదిలో ఎవరో ట్రే జారవిడిస్తే బల్లకిందికి వంగిపోయింది, పిల్లలంతా ఆటనుకుని చప్పట్లు కొట్టారు. నావల్ల కాదు, బఠానీలే తిందామని లామార్‌తో చెప్పేసింది. లామార్ సరేనన్నాడు. మర్నాడు పొద్దున్నే ఎల్వుడ్ గారు రేకు డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

వస్తావా అని అడగలేదు. భయంగా ఉందా అని అంతకన్నా అడగలేదు. "మీ తుపాకికి ఏ మందు నప్పుతుందో ఎవరూ సరిగ్గా చూడలేదని నా అనుమానం," అన్నారు. "నాకు తోచుబడి కావటం లేదు. ఓ గంట సాయం చెయ్యి."

తుపాకికి సాయం చెయ్యడమంటే కాదనలేకపోయింది.

మొదటి రోజు మందే లేదు. చెకుముకిరాయి ఉండే చోట చిన్న కర్రముక్క బిగించి, వంద సార్లు మీట నొక్కించారు. టక్. టక్. టక్. ఇదేం మందని అడిగితే, అన్నిటికన్నా మేలైన రకమనీ, పొగ రాదు, మసి పట్టదు, చెమ్మ ఎక్కదనీ చెప్పారు. అరవయ్యోసారికి ఆమె కన్ను మూయడం మానేసింది.

రెండో రోజు సీసాలు తెరుచుకున్నాయి. పోసేముందు ప్రతిసారీ తెల్ల పళ్లెంలో చిటికెడు వేసి ఆమెకి చూపించేవారు. బొంబాయి రవ్వకి మసి పూసి మెరుగు పెట్టినట్టుండే నల్లటి పలుకులు. డబ్బా సీలు తీసింది తనేననీ, సీసాలో పోసింది తన ఇంట్లోనేననీ, పేరున్న డబ్బానైనా మూత తీసిన చెయ్యి ఎవరిదో తెలిస్తే తప్ప నమ్మకూడదనీ చెప్పేవారు. ఆమె ఒక్కో చిటికెడూ వేలితో కదిపి కదిపి చూసేది.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి బాబాయ్."

"నీకు అలాగే ఉంటాయి. తేడా కనబడాలంటే ముప్పై ఏళ్లు పడుతుంది."

యాభై గజాల దూరంలో కాగితం పళ్లెం చెట్టుకి మేకుతో బిగించారు. మొదటి గుండు మంచులోకి పోయింది. గిన్నె భగ్గుమనగానే ఆమె తల పక్కకి తిప్పేసుకుంది, చెట్టుమీది కాకి కూడా చూసింది. ఎల్వుడ్ గారు మాత్రం టోపీ వెనక్కి తోశారు. "నీ తప్పేం లేదు. ముసురు మందు పోశాను, ఇవాళ ఎండ. నాదే బుద్ధితక్కువ."

ఇక మందు ఎంపిక మొదలైంది. ముందు తడిగుడ్డతో గొట్టం తుడవాలి, లోపల నిప్పురవ్వ మిగిలితే ప్రమాదం, మసి మిగిలితే గురి చెడుతుంది. తర్వాత ఆయన వేలు నోట్లో తడిపి గాలిలో నిలబెట్టాలి. కొండ వైపు చూడాలి. రెండు సీసాలు తీసి ఒకటి లోపల పెట్టాలి. మళ్లీ అదే బయటికి తీయాలి. సోడా ఒక గుక్క తాగాలి. క్వారీలో ఒకసారి పేలకుండా ఉండిపోయిన మందు మీద పిల్లి ఎక్కి కూచున్న కథ చెప్పాలి. ఇరవై నిమిషాలు. ఒక్కో గుండుకి ఇరవై నిమిషాలు. మొదట టెస్సాకి వణుకు. పది నిమిషాలకి విసుగు. పదిహేనో నిమిషానికి కోపం. ఈ ముసలాయన చాదస్తం మండిపోను, ఏదో ఒకటి పోసి ఏడవచ్చుగదా అని పళ్లు నూరుకుంటూ తుపాకి ఎత్తేది. కోపంలో ఉన్న చేతికి వణకడం గుర్తుండదు.

తొంభై గ్రెయిన్లు ఎనభై అయ్యాయి. మంచులోంచి గుండు చుట్టిన గుడ్డముక్కలు ఏరుకొచ్చి చూపించారు. అంచులు కాలి జల్లెడలా ఉన్నాయి. మందు ఎక్కువైతే గుడ్డ కాలుతుంది, గుడ్డ కాలితే గుండు గొట్టాన్ని సరిగ్గా పట్టుకోదు, ఎటో పోతుంది. ఎనభై డెబ్బై అయ్యింది. గుడ్డ అంచులు గోధుమరంగుకి వచ్చాయి. భుజానికి తన్ను తగ్గింది. ఐదేసి తగ్గిస్తూ, ఐదేసి గుండ్లు కాల్చి చూస్తూ, అరవై ఐదు దగ్గర ఆగారు. వారం తిరిగేసరికి, తలుపంత మేర చెదిరిన గుండ్లు పిడికిలంత చోట చేరాయి.

"నా చెయ్యి కుదిరినట్టుంది బాబాయ్," అంది టెస్సా, కాస్త గర్వంగానే.

"గాలి మందు నప్పింది," అన్నారు ఎల్వుడ్ గారు, ఆకుపచ్చ దారం ముడి బిగిస్తూ.

క్రిస్మస్ వెళ్లిన నాలుగో రోజు తెల్లవారి, ఆయన తన ట్రక్కులో ఆమెని కొండ మొదట దింపారు. తను కిందే ఉంటానన్నారు, మోకాళ్లు ఎక్కనివ్వవు. పదిహేను నిమిషాలు సీసాలు తారుమారు చేసి, ఆకుపచ్చ దారం సీసానే చేతికిచ్చారు. ఆకు కదలడం లేదు, గాలి ఎక్కడుందని ఆమె అడిగితే, వస్తుందన్నారు.

"ఒకటి గుర్తుపెట్టుకో. కాల్చాక లేవకు. పొగ పోయేదాకా ఆగు. సీసాలోంచి తిన్నగా గొట్టంలో పొయ్యకు, కొలగిన్నెలోకి ఒంపుకుని పొయ్యి. మళ్లీ కూరుకున్నాకే లే."

హెమ్లాక్ చెట్ల కింద మంచు మోకాలి లోతు ఉంది. ఆమె ఒక పడిపోయిన దుంగ వెనక కూచుంది. పక్కన ఎవరూ లేరు. సీసాలు తారుమారు చేసేవాళ్లు లేరు, పిల్లి కథ చెప్పేవాళ్లు లేరు. అప్పుడు భయం తీరిగ్గా వచ్చి పక్కన కూచుంది. గొట్టంలో ఉన్నది నల్లదేనా? తను పోసేటప్పుడు చూసింది. సరిగ్గా చూసిందా? సీసా మూత తీసి చేతితొడుగు మీద చిటికెడు ఒంపుకుంది. నల్లగానే ఉంది. మూత పెట్టింది. కాసేపటికి మళ్లీ తీసి చూసింది. మూడోసారి కూడా చూసింది. చలికి కాదు, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. లేచి వెళ్లిపోతే ఎవరేమంటారు? ఎవరూ ఏమీ అనరు. ఆయన మందు నప్పలేదంటారు, అంతే. ఆ మాట తలుచుకోగానే ఎందుకో లేవబుద్ధి కాలేదు.

తొమ్మిది దాటాక మూడు ఆడజింకలు వాగు గట్టు వెంట వచ్చాయి. నలభై గజాలు. ముందుది ఆగి, తల వంచి మంచు గీరింది. టెస్సా తుపాకి ఎత్తింది. గుండె కొట్టుకోవడం చెంపకింది చెక్కలో తెలుస్తోంది. ఇదే చోట, ఇదే చెంప. బూడిదరంగు బిళ్లలు కళ్లముందు కదిలాయి. అయినా కన్ను తెరిచే ఉంచింది. మీట నొక్కింది.

టక్. భగ్గు. ఆ సందు. ఆ సందులో ఆమె కదల్లేదు. ఢామ్మంది.

తెల్లటి పొగ తప్ప లోకంలో ఏమీ లేకుండా పోయింది. తన మొహం తనకి ఉందో లేదో అని చేత్తో తడుముకుంది. ముక్కుంది, కళ్లున్నాయి. ఇప్పుడు ఇంకో భయం. జింక ప్రాణం పోకుండా కుంటుకుంటూ పోయిందేమో? లేచి పరుగెత్తబోయి, చెప్పిన మాట గుర్తొచ్చి కూలబడింది. గొట్టం తుడిచి, కొలగిన్నెలోకి ఒంపుకుని పోసి, గుండు కూరింది. అప్పుడు లేచింది. మంచు మీద ఎర్రటి జాడ తిన్నగా ఉంది. అరవై అడుగుల అవతల, పొద పక్కన, జింక ఒరిగి ఉంది. ఒకే గుండు, పడవలసిన చోటే పడింది. టెస్సా దాని పక్కన మంచులో కూచుని, కాసేపు దాని మెడ మీద చెయ్యి వేసి ఉంచింది.

మోకాళ్లు ఎక్కనివ్వవన్న మనిషి అరగంటలో పైకి ఎక్కి వచ్చారు, పొగబండిలా రొప్పుతూ. జింకని చూశారు. ఆమెని ఆపాదమస్తకం చూశారు. టోపీ వెనక్కి తోశారు.

"మందు నప్పింది," అన్నారు.

టెస్సాకి ఒళ్లు మండింది. అంత భయంలో కళ్లు తెరిచి కూచున్నది తను. మెప్పు ఆకుపచ్చ దారం సీసాకి.

కొత్త సంవత్సరం రోజు మధ్యాహ్నం, ఆ రోజుకి మా వైపు ఆనవాయితీగా వండే పంది మాంసం, పులిసిన క్యాబేజీ వాసన ప్రతి ఇంట్లోంచీ వస్తుండగా, టెస్సా జింక వెన్నుమాంసం వేయించి మూతగిన్నెలో పెట్టుకుని ఎల్వుడ్ గారింటికి వెళ్లింది. ఆయన లేరు, కోళ్ల గూడు తలుపు బాగుచేస్తున్నారు. ఆయన భార్య ఆర్లీన్ వెనకవైపు చలిగదిలో ఉంది. నిప్పన్నది ఎరగని గది అది. ఆవిడ కోటు తొడుక్కుని, బల్ల మీద ఏడు సీసాలు వరసగా పెట్టుకుని, గరాటుతో మందు నింపుతోంది. ఎర్రదారం సీసా నింపింది. నీలందారం సీసా నింపింది. ఆకుపచ్చ దారం సీసా నింపింది. అన్నీ ఒకే డబ్బాలోంచి.

టెస్సా గుమ్మంలోనే ఆగిపోయింది. "పిన్నీ, అది గాలి మందు. దానిది వేరే డబ్బా కదూ?"

ఆర్లీన్ గరాటు దించి, మొదట గిన్నెలోని మాంసం వాసన చూసి, తర్వాత ఆమె మొహం చూసింది.

"వేరే డబ్బా ఎక్కడిదే? ముప్పై ఏళ్లుగా ఒకటే మందు, ఒకటే పలుకు. ఆయన ముసలి కళ్లకి గరాటు ఆనదని నేను పోస్తాను. దారాలు కూడా నా కుట్టుపెట్టెలోవే."

టెస్సా స్టూలు మీద కూలబడింది. మరి మంచు మందు, ముసురు మందు, ఆదివారం మందు?

"గురికి గొప్ప మందు అక్కర్లేదుట, మారని మందు కావాలిట. ఎప్పుడూ అదే మందు, అదే కొలత. మారేది మనిషే అంటాడు." ఆర్లీన్ మూత బిగించింది. "క్వారీలో కొత్త కుర్రాళ్లు వణికేవాళ్లట. భయపడుతున్నావురా అని మొహం మీద అంటే, లేదని చూపించడానికి వెధవ సాహసం చేసేవాళ్లు. వేళ్లు అలాగే పోయేవి. మందు నప్పలేదు, కాసేపు ఆగరా అంటే మాత్రం ఆగేవాళ్లు. ఆ కాసేపట్లో చెయ్యి కుదుటపడేది. అప్పట్నించీ అదే మాట."

ఆ తర్వాత ఎవరెవరికి ఏ సీసానో ఆవిడ వరసగా చెప్పుకొచ్చింది. జింక కళ్లు చూస్తే ఏడుపొచ్చే ఆరడుగుల పోలీసాయనకి ముసురు మందు. చూపు మందగించిందని ఒప్పుకోని మంగలాయనకి పొద్దుటి మందు. పెళ్లినాడు ఉంగరం జారవిడిచి, అప్పట్నించీ చేతులు వణికే పెళ్లికొడుక్కి ఆదివారం మందు. ఊరు ఊరంతా ఒకే డబ్బా మీద బతుకుతోంది.

"నీ తుపాకిలోంచి ఆ బిళ్లలు తీసిన రోజు," అంది ఆర్లీన్, గొంతు కాస్త తగ్గించి, "ఈ గదిలో గంటసేపు కూచున్నాడు. కాఫీ ఇస్తే కప్పు పట్టుకోలేకపోయాడు, సగం కోటు మీద పోసుకున్నాడు. ఏమైందయ్యా అంటే, కాఫీ పొడి చెమ్మగిల్లిందే అన్నాడు."

టెస్సాకి నవ్వొచ్చింది. అప్పుడే వెనక తలుపు తోసుకుని, టోపీ నిండా కోడి ఈకలతో ఎల్వుడ్ గారు వచ్చారు. బల్ల మీద మూతలు తీసి ఉన్న సీసాలు చూశారు, ఒక్కటే ఉన్న డబ్బా చూశారు, స్టూలు మీద కూచున్న టెస్సాని చూశారు. ఆర్లీన్ హఠాత్తుగా మాంసం వేడి చెయ్యాలంటూ గిన్నె పట్టుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది.

ఎల్వుడ్ గారు టోపీ తీసి, దాని మీది ఈకలు ఒక్కొక్కటే ఏరసాగారు.

"బాబాయ్," అంది టెస్సా చివరికి, మొహం వీలైనంత గంభీరంగా పెట్టి, "ఆ గాలి మందు మంచిదే గానీ, కొంచెం ఎడమకి లాగుతున్నట్టుంది."

ఎల్వుడ్ గారు ఆకుపచ్చ దారం సీసా తీసి, వెలుతురుకి ఎత్తి, చాలాసేపు పరీక్షగా చూశారు. తర్వాత దాన్ని మిగతా ఆరింటి మధ్య, వరసలో ఎక్కడ తోస్తే అక్కడ పెట్టేశారు.

"వచ్చే ఏడాది నుంచి," అన్నారు, "నీకు ఏ సీసా అయినా ఒకటేలే అమ్మాయ్."